యూనివర్సిటీలో కొత్త ఎల్ఎంఎస్: ఫైళ్లు చేరతాయి సరే, పాఠం చేరాలంటే ఏం కావాలి?

'వచ్చే సెమిస్టర్ నుంచి అన్ని కోర్సులూ కొత్త లెర్నింగ్ ప్లాట్‌ఫాంలోనే నడవాలి. అధ్యాపకులు తమ కంటెంట్‌ను గడువులోగా అప్‌లోడ్ చేయాలి.'

ఇలాంటి సర్క్యులర్ మీ డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనో, మీ పిల్లల కాలేజీ గ్రూపులోనో ఎప్పుడో ఒకసారి కనిపించే ఉంటుంది. ఆదేశం రెండు వాక్యాలే. దాన్ని అమలు చేయడానికి మాత్రం అధ్యాపకులకు వారాలు పడుతుంది. ఎక్కడైనా తేడా వస్తే ముందుగా ఇబ్బంది పడేది విద్యార్థి. అసైన్‌మెంట్ పెట్టినా 'సబ్మిట్ కాలేదు' అని చూపిస్తుంది, ఇంటర్నల్ మార్కులు కనిపించవు, వీడియో లింకు తెరుచుకోదు.

అసలు ఈ మార్పు ఎందుకు జరుగుతోంది? కొత్త ప్లాట్‌ఫాంలోకి ఏవి వస్తాయి, ఏవి రావు? అధ్యాపకులకు ఎలాంటి సాయం అందాలి? విద్యార్థిగా మీరు ఏం జాగ్రత్త పడాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎల్ఎంఎస్ అంటే ఏంటి?

లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌కు పొట్టి పేరే ఎల్ఎంఎస్. సింపుల్‌గా చెప్పాలంటే ఆన్‌లైన్‌లో ఉండే తరగతి గది. నోట్సు, వీడియోలు, క్విజ్‌లు, అసైన్‌మెంట్లు, మార్కులు, చర్చలు అన్నీ ఒకే చోట ఉంటాయి.

ఇందులో బాగా వాడుకలో ఉన్నది మూడుల్. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామస్ దీన్ని రూపొందించారు, తొలి వెర్షన్ 2002లో వచ్చింది. ఇది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కాబట్టి లైసెన్స్ ఫీజు ఉండదు. కానీ సర్వర్‌కూ, దాన్ని చూసుకునే మనుషులకూ ఖర్చు అవుతుంది. గూగుల్ 2014లో తెచ్చిన క్లాస్‌రూం మన కాలేజీల్లో చాలామందికి పరిచయమే. కాన్వాస్, బ్లాక్‌బోర్డ్ లాంటివి అమెరికాలో చదువుతున్న మన పిల్లలకు బాగా తెలుసు.

కేంద్ర ప్రభుత్వ వేదిక 'స్వయం' వీటికి కాస్త భిన్నం. 2017 జులై 9న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ దాన్ని ప్రారంభించారు. అది దేశమంతటికీ ఒకే కోర్సు అందించే వేదిక. మీ యూనివర్సిటీ ఎల్ఎంఎస్‌లో మాత్రం మీ క్లాసుకు, మీ సిలబస్‌కు మీ మాస్టారు చెప్పే పాఠం ఉంటుంది. ఈ కథనం ఈ రెండో రకం గురించి.

ఎందుకు మారుస్తున్నారు?

కారణాలు ముఖ్యంగా మూడు.

మొదటిది కోవిడ్ రోజుల వారసత్వం. 2020లో కాలేజీలు మూతపడ్డప్పుడు ఎవరికి అందుబాటులో ఉన్నది వాళ్లు వాడేశారు. ఒకరు గూగుల్ క్లాస్‌రూం, ఒకరు వాట్సాప్, మరొకరు సొంత యూట్యూబ్ చానల్. ఇప్పుడు వాటన్నింటినీ ఒక గూటికి చేర్చాలని యూనివర్సిటీలు చూస్తున్నాయి.

రెండోది స్టోరేజీ. విద్యాసంస్థలకు ఇస్తున్న అపరిమిత స్టోరేజీని ఆపేస్తామని గూగుల్ 2021 ఫిబ్రవరిలో ప్రకటించింది. 2022 జులై నుంచి పాత కస్టమర్లకు కూడా సంస్థ మొత్తానికి కలిపి 100 టీబీ ఉమ్మడి స్టోరేజీ అనే లెక్క తెచ్చింది. 100 టీబీ అంటే పెద్ద అంకెలాగే ఉంటుంది. కానీ గంట వీడియో నాణ్యతను బట్టి కొన్ని వందల ఎంబీల నుంచి ఒక జీబీ దాకా ఉంటుంది. వేల మంది విద్యార్థులు, వందల మంది అధ్యాపకులు పంచుకుంటే అది నిండడానికి ఎక్కువ కాలం పట్టదు.

మూడోది నిబంధనల్లో వచ్చిన మార్పు. ఒక సెమిస్టర్‌లో ఒక ప్రోగ్రాంలోని కోర్సుల్లో 20 శాతం దాకా 'స్వయం' ద్వారా చదవొచ్చని యూజీసీ 2016లో అనుమతించింది. 2021 నిబంధనల్లో దాన్ని 40 శాతానికి పెంచింది. క్రెడిట్లు, మార్కులు, సబ్మిషన్లు ఒక పద్ధతిలో నమోదు చేసే వ్యవస్థ లేకుండా ఇదంతా నడపడం కష్టం.

అంటే మారడానికి కారణాలు సరైనవే. సమస్యంతా ఎలా మారుస్తున్నారన్న దగ్గరే ఉంది.

ఏవి వస్తాయి? ఏవి రావు?

ఒక ఎల్ఎంఎస్ నుంచి ఇంకోదానికి కోర్సు పంపడానికి 'కామన్ కార్ట్‌రిడ్జ్' అనే ఉమ్మడి ఫార్మాట్ ఉంది. చాలా పెద్ద ప్లాట్‌ఫాంలు దీన్ని అంగీకరిస్తాయి. ఒకచోట ఎక్స్‌పోర్ట్, ఇంకోచోట ఇంపోర్ట్. వినడానికి కట్ అండ్ పేస్ట్ అంత తేలిక. కానీ ఆచరణలో ఇలా ఉంటుంది.

సాధారణంగా వచ్చేవి: పీడీఎఫ్‌లు, పీపీటీలు, వెబ్ లింకులు, మామూలు మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు.

వచ్చినా చెదిరిపోయేవి: యూనిట్ల వరుస, పేజీల అమరిక, గణిత సమీకరణాలు, క్విజ్ టైమర్లు, గడువు తేదీలు. పాత సంవత్సరం తేదీలతో అసైన్‌మెంట్ కొత్త చోటికి వస్తే తెరిచిన రోజే 'గడువు ముగిసింది' అని చూపిస్తుంది.

రానివి: విద్యార్థులు పెట్టిన సబ్మిషన్లు, వాళ్లకు వచ్చిన మార్కులు, డిస్కషన్ ఫోరంలో జరిగిన చర్చలు. మూడుల్ నుంచి మూడుల్‌కే మారితే, అడ్మిన్ తగిన సెట్టింగులతో బ్యాకప్ తీస్తే ఇవి కూడా తెచ్చుకోవచ్చు. వేరే కంపెనీ ప్లాట్‌ఫాంకు వెళ్తున్నప్పుడు మాత్రం కోర్సు ప్యాకేజీతో ఇవి వస్తాయని అనుకోవద్దు. విడిగా డౌన్‌లోడ్ చేసి భద్రపరచాలి.

గూగుల్ డ్రైవ్ లింకులది ఇంకో తలనొప్పి. లింకు చక్కగా కొత్త చోటికి వస్తుంది. విద్యార్థి నొక్కితే మాత్రం 'పర్మిషన్ కావాలి' అంటుంది. ఫైలు ఎవరి ఖాతాలో ఉందో వాళ్లే అనుమతి ఇవ్వాలి. ఆ లెక్చరర్ కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోయి ఉంటే? యూనివర్సిటీ ఈమెయిల్ ఖాతా మూసేస్తే పాఠం కూడా దాంతోనే పోతుంది.

తెలుగు నోట్సుకు ఉన్న చిక్కు

ఇది మన రాష్ట్రాల్లో తప్పనిసరిగా చెప్పుకోవాల్సిన విషయం. తెలుగు సాహిత్యం, చరిత్ర, పొలిటికల్ సైన్స్ లాంటి సబ్జెక్టుల్లో చాలా నోట్సు ఏళ్ల కిందట డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో టైప్ చేయించినవే. అవి యూనికోడ్ కాదు. కంప్యూటర్ లోపల అవి తెలుగు అక్షరాలుగా కాకుండా, ఫాంట్ తొడిగిన వేరే గుర్తులుగా ఉంటాయి. ప్రింటులో ముత్యాల్లా ఉన్న పేజీని కాపీ చేసి ఎల్ఎంఎస్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి.

పీడీఎఫ్‌గా పెడితే కళ్లకు బాగానే కనిపిస్తుంది. కానీ అందులో ఒక పదం వెతకలేం. చూపు లేని విద్యార్థి వాడే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. ఫోన్ తెరకు తగ్గట్టు అక్షరాల సైజు కూడా మారదు. దివ్యాంగులకు ఎలక్ట్రానిక్ సమాచారం అందుబాటులో ఉండాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. కాబట్టి ఇది సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, హక్కు కూడా.

దారి లేకపోలేదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మూల ఫైలు లేకుండా ప్రింటు మాత్రమే ఉంటే, స్కాన్ చేసిన కాపీని గూగుల్ డాక్స్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలను గుర్తిస్తుంది. అయితే వత్తులు, గుణింతాలు అక్కడక్కడా తప్పుతాయి. ఎవరో ఒకరు కూర్చుని ప్రూఫ్ చూడాల్సిందే. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. దొరకనిది ప్రూఫ్ చూసే మనిషి, ఆ మనిషికి సమయం.

ఈ పని ఎవరిది? లెక్క వేసి చూద్దాం

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ 14 గంటలు నేరుగా బోధించాలి. మొత్తం పని వారానికి 40 గంటలకు తగ్గకూడదు. మిగతా సమయంలోనే ప్రిపరేషన్, పేపర్లు దిద్దడం, పరిశోధన, కమిటీ పనులు.

ఇప్పుడు ఒక పేపర్ తీసుకోండి. ఐదు యూనిట్లు. యూనిట్‌కు 20 ప్రశ్నల చొప్పున 100 క్విజ్ ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నను కొత్త ప్లాట్‌ఫాంలో టైప్ చేసి, ఆప్షన్లు పెట్టి, సరైన జవాబు గుర్తించడానికి మూడు నిమిషాలు అనుకుందాం. 300 నిమిషాలు, అంటే ఐదు గంటలు. మూడు పేపర్లు చెప్పే లెక్చరర్‌కు 15 గంటలు. ఒక వారం బోధనా సమయం దాదాపు మొత్తం క్విజ్‌లకే పోయింది. నోట్సు, వీడియోలు, అసైన్‌మెంట్లు ఇంకా మొదలే కాలేదు.

మరి ఈ పనికి గుర్తింపు ఉందా? అవే 2018 నిబంధనల్లో నాలుగు క్రెడిట్ల పూర్తి మూక్ కోర్సు తయారు చేస్తే 20 పాయింట్లు, పూర్తి కోర్సుకు ఈ-కంటెంట్ తయారు చేస్తే 12 పాయింట్లు ఉన్నాయి. ఉన్న కోర్సును ఒక ప్లాట్‌ఫాం నుంచి ఇంకోదానికి జాగ్రత్తగా తరలించి, సరిచేసి, నడిపినందుకు ప్రత్యేకంగా ఏమీ లేవు. కొత్తగా కట్టినవారికి లెక్క ఉంది, ఉన్నదాన్ని నిలబెట్టినవారికి లేదు.

ఇక గెస్ట్ ఫ్యాకల్టీ పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో, డిగ్రీ కాలేజీల్లో చాలా క్లాసులు వాళ్ల మీదే నడుస్తున్నాయి. సాధారణంగా వాళ్లకు చెప్పిన పీరియడ్ల లెక్కనే డబ్బులిస్తారు. ఇంట్లో కూర్చుని రాత్రిళ్లు అప్‌లోడ్ చేసిన గంటలు ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కవు. అలాంటప్పుడు వాళ్లు గడువు రోజున ఉన్న పీడీఎఫ్‌లన్నీ ఒకే ఫోల్డర్‌లో పడేసి ఊపిరి పీల్చుకుంటే తప్పు పట్టగలమా? పైవాళ్ల రిపోర్టులో మాత్రం 'కోర్సు అప్‌లోడ్ పూర్తి' అని పడుతుంది. విద్యార్థికి మిగిలేది పీడీఎఫ్‌ల గోడౌన్.

సాయం అంటే ఒక్క రోజు వర్క్‌షాప్ కాదు

చాలాచోట్ల జరిగేది ఇదే. సెమినార్ హాల్లో వంద మందిని కూర్చోబెడతారు. వెండర్ కంపెనీ మనిషి రెండు గంటలు స్క్రీన్ మీద బటన్లు చూపిస్తాడు. టీ, సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. వారం తర్వాత తన సొంత కోర్సు తెరిచి కూర్చున్న లెక్చరర్‌కు అవేవీ గుర్తుండవు.

ఓపెన్ యూనివర్సిటీల పద్ధతి చూడండి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన దగ్గరే మొదలైంది. అదే ఇప్పటి డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. అలాంటి సంస్థల్లో దూరవిద్య పాఠాన్ని ఒక్కరి నెత్తిన పెట్టరు. రచయితలు వేరు, సంపాదకులు వేరు. ఎదురుగా లేని విద్యార్థికి పాఠం చేరాలంటే బృందం కావాలని వాళ్లకు ముందే తెలుసు. ఆ ఇంగితాన్ని ఎల్ఎంఎస్ మార్పిడికీ వాడితే చాలా సమస్యలు తీరతాయి.

పనికొచ్చే సాయం ఎలా ఉంటుంది?

పక్కన కూర్చునే మనిషి: ప్రతి డిపార్ట్‌మెంట్‌లో ఒక లెక్చరర్‌కో, రీసెర్చ్ స్కాలర్‌కో ముందుగా శిక్షణ ఇచ్చి, ఆ సెమిస్టర్‌కు క్లాసుల భారం కొంత తగ్గించాలి. వాళ్లు సహోద్యోగి పక్కన కూర్చుని, ఆ సహోద్యోగి సొంత కోర్సులోని మొదటి యూనిట్‌ను కలిసి పెట్టాలి. మిగతా నాలుగు యూనిట్లు చాలామంది సొంతంగా చేసుకోగలరు.

ముందు తీసేయడం, తర్వాత మోయడం: ఇల్లు మారేటప్పుడు పాత సామాన్లన్నీ కట్టుకుపోం కదా. సిలబస్ మారిన యూనిట్లు, పనిచేయని లింకులు, ఒకే నోట్సుకు ఉన్న మూడు కాపీలు వదిలేయాలి. ఈ ఏరివేతకు ఒక వారం ఇస్తే తర్వాతి పని బాగా తగ్గుతుంది.

అందరికీ ఒకే నమూనా: ప్రతి కోర్సులో సిలబస్, యూనిట్లు, అసైన్‌మెంట్లు, మార్కులు ఒకే వరుసలో ఉండాలి. లేకపోతే ఆరు పేపర్లు చదివే విద్యార్థి ఆరు రకాల వెబ్‌సైట్లు నేర్చుకోవాల్సి వస్తుంది.

మూకుమ్మడి పనులు కేంద్రంగా చేయడం: ప్రశ్నలను ఒక్కోటిగా టైప్ చేయక్కర్లేదు. మూడుల్‌లో 'ఐకెన్' అనే తేలికైన పద్ధతి ఉంది. ఒక లైన్‌లో ప్రశ్న, ఒక్కో లైన్‌లో ఒక్కో ఆప్షన్, చివరి లైన్‌లో జవాబు రాసి, టెక్స్ట్ ఫైలుగా ఇస్తే వంద ప్రశ్నలూ ఒకేసారి ఎక్కుతాయి. తెలుగు ప్రశ్నలైతే ఫైలును యూటీఎఫ్-8గా సేవ్ చేయాలి, లేదంటే అక్షరాలు చెడిపోతాయి. ఈ చిన్న సంగతి చెప్పే మనిషి ఉంటే మనం పైన వేసిన ఐదు గంటలు బాగా తగ్గిపోతాయి.

మొదటి వారం ట్రయల్: మార్కులు లేని ఒక అసైన్‌మెంట్ ఇవ్వాలి. 'మీ పేరు, ఊరు రాసి అప్‌లోడ్ చేయండి' అన్నా చాలు. ఎవరికి లాగిన్ రాలేదో, ఎవరి ఫోన్‌లో యాప్ పనిచేయడం లేదో అప్పుడే తెలిసిపోతుంది. ఇంటర్నల్ పరీక్ష రోజు తెలుసుకోవడం కంటే ఇది మేలు కదా.

పాతది వెంటనే మూయకపోవడం: కనీసం ఒక సెమిస్టర్ పాటు పాత ప్లాట్‌ఫాంను చూడటానికి మాత్రమే తెరిచి ఉంచాలి. బ్యాక్‌లాగ్ ఉన్న విద్యార్థులకు పాత మెటీరియల్ కావాలి. మార్కుల మీద ఫిర్యాదు వస్తే ఆధారమూ కావాలి.

శిక్షణకు వ్యవస్థ లేదని కాదు. యూజీసీ పాత హెచ్ఆర్‌డీ సెంటర్లు ఇప్పుడు మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్లుగా నడుస్తున్నాయి. 2023 సెప్టెంబరులో మొదలైన ఈ కార్యక్రమంలోని ఎనిమిది అంశాల్లో ఐసీటీ ఒకటి. యూనివర్సిటీ తన మార్పిడి తేదీలకు తగ్గట్టు ఈ శిక్షణను ప్లాన్ చేసుకుంటే ఉపయోగం. మార్పిడి అయిపోయిన ఏడాదికి శిక్షణ వస్తే లాభం ఏంటి?

కాపీరైట్, వ్యక్తిగత డేటా సంగతి?

బోధనలో భాగంగా అధ్యాపకులు, విద్యార్థులు రచనల కాపీలు తీసుకునేందుకు 1957 కాపీరైట్ చట్టం వెసులుబాటు ఇస్తోంది. ఢిల్లీ యూనివర్సిటీ ఫొటోకాపీ కేసులో ఢిల్లీ హైకోర్టు 2016లో కోర్సు ప్యాక్‌లను ఆ వెసులుబాటు కిందే సమర్థించింది. అది క్లాసు అవసరానికి తీసిన ఫొటోకాపీల గురించిన తీర్పు. పుస్తకం మొత్తాన్ని స్కాన్ చేసి ఎవరికైనా తెరుచుకునే లింకుగా పెట్టడానికి దాన్ని అనుమతిగా తీసుకోవద్దు. లాగిన్ ఉన్న విద్యార్థులకే కనిపించేలా, అవసరమైన అధ్యాయం వరకే పెట్టడం జాగ్రత్త. ఇంటర్నెట్‌లో చట్టబద్ధంగా ఉన్న కాపీ ఉంటే దాని లింకు ఇవ్వడం ఇంకా మేలు.

విద్యార్థుల పేర్లు, ఫోన్ నంబర్లు, మార్కులు కూడా ఈ మార్పిడిలో చేతులు మారతాయి. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. పాత ప్లాట్‌ఫాం కంపెనీ దగ్గరున్న డేటాను ఎప్పుడు తొలగిస్తారో యూనివర్సిటీ రాతపూర్వకంగా తీసుకోవాలి. మార్కుల ఎక్సెల్ షీటును వాట్సాప్ గ్రూపులో తిప్పడం తరలింపు పని కిందకు రాదు.

మీరు విద్యార్థి అయితే

పాత ప్లాట్‌ఫాం మూసే తేదీ తెలుసుకోండి. ఆలోగా మీ సబ్మిషన్లు, మార్కుల పేజీ డౌన్‌లోడ్ చేసుకోండి, కుదరకపోతే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. కొత్త దాంట్లో మొదటి వారమే ఒకసారి ఫోన్‌లో, ఒకసారి కంప్యూటర్‌లో లాగిన్ అయి చూడండి. డేటా తక్కువైతే వీడియోతోపాటు చదువుకునే నోట్సు కూడా పెట్టమని అడగండి. సమస్య వస్తే ఎవరికి చెప్పాలో ఒక పేరు, ఒక నంబరు ఇవ్వమని మీ క్లాస్ రిప్రజెంటేటివ్ ద్వారా రాతపూర్వకంగా కోరండి.

మీరు అధ్యాపకులైతే

మూల ఫైళ్ల కాపీ మీ దగ్గర ఒకటి, డిపార్ట్‌మెంట్ దగ్గర ఒకటి ఉంచండి. వీడియోలు వ్యక్తిగత ఖాతాలో కాకుండా డిపార్ట్‌మెంట్ ఖాతాలో ఉండేలా చూడండి. కోర్సు తయారయ్యాక విద్యార్థి ఖాతాతో ఒకసారి తెరిచి చూడండి. మీ స్క్రీన్ మీద కనిపించేవన్నీ వాళ్లకు కనిపించకపోవచ్చు. ఈ పనికి ఎన్ని గంటలు పట్టిందో రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది వర్క్‌లోడ్ చర్చలో మాటల కంటే ఆ కాగితమే ఎక్కువ పనిచేస్తుంది.

మీరు నిర్ణయాలు తీసుకునే కుర్చీలో ఉంటే

ఎన్ని కోర్సులు అప్‌లోడ్ అయ్యాయని అడగడం తేలిక. దాని బదులు మూడు ప్రశ్నలు వేయండి. మొదటి వారంలో ఎంత మంది విద్యార్థులు ట్రయల్ అసైన్‌మెంట్ సబ్మిట్ చేయగలిగారు? ఎన్ని కోర్సుల్లో పాఠం ఫోన్‌లో చదవగలిగేలా ఉంది? ఈ పని చేసిన గెస్ట్ లెక్చరర్లకు ఎన్ని గంటల గౌరవ వేతనం ఇచ్చాం?

సాఫ్ట్‌వేర్ కొనడానికి టెండరు ఉంటుంది, బడ్జెట్ ఉంటుంది, ప్రారంభోత్సవం కూడా ఉంటుంది. పాఠాన్ని అందులోకి చేర్చే మనుషుల గంటలకు కూడా అదే బడ్జెట్‌లో ఒక పద్దు పెట్టాలి. లేకపోతే ఆ భారం రాత్రిళ్లు మేల్కొనే లెక్చరర్ మీద, ఆ తర్వాత పరీక్ష రోజు లింకు తెరుచుకోని విద్యార్థి మీద పడుతుంది.